ప్లాన్ పెంచే ముందు రౌటర్ జరపండి: నేను ఇచ్చిన ఒక తప్పు సలహా

ఫ్రెండ్స్, ఈసారి ఫోన్ రివ్యూ కాదు. వైఫై గురించి మా ఇంట్లోవాళ్ళకి నేను ఇచ్చిన ఒక తప్పు సలహా గురించి రాస్తున్నాను. మీలో చాలామంది ఇదే తప్పుకి నెలనెలా డబ్బు కడుతుండవచ్చు.

కాకినాడలో మాది మేడ ఇల్లు. కింద అమ్మా నాన్నా, మేడ మీద గదిలో తమ్ముడు ఉంటారు. కిందటి ఏడాది ఏప్రిల్‌లో తమ్ముడికి ఆన్‌లైన్‌లో జాబ్ ఇంటర్వ్యూ. రెండో రౌండ్ మధ్యలో మూడుసార్లు వీడియో ఆగిపోయింది. "అన్నయ్యా, వాళ్ళు అడిగింది సగమే వినపడింది. మళ్ళీ అడగండి అని ఎన్నిసార్లని అంటాం?" అన్నాడు. ఆ ఉద్యోగం రాలేదు. వైఫై వల్లే రాలేదని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను.

ఆ సాయంత్రమే నాన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, నువ్వు ఇవన్నీ రాస్తుంటావు కదా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నారు. హైదరాబాద్‌లో కూర్చుని, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, "100 ఎంబీపీఎస్ ప్లాన్ సరిపోవట్లేదు నాన్నా, 300కి మార్చెయ్యండి" అనేశాను. మార్చేశారు. నెలకి మూడొందలు ఎక్కువ. తొమ్మిది నెలలు కట్టారు.

సంక్రాంతికి వెళ్ళేసరికి తమ్ముడు వీధి వరండా మెట్ల మీద, దోమల మధ్య కూర్చుని వీడియో కాల్ మాట్లాడుతున్నాడు. "ఇక్కడేంట్రా?" అంటే, "ఇక్కడైతేనే కట్ అవ్వదు అన్నయ్యా" అన్నాడు. అప్పుడు గానీ నేను టెస్ట్ చెయ్యలేదు.

ఇంటర్నెట్ వేరు, వైఫై వేరు

మనం మాటల్లో "వైఫై రావట్లేదు", "నెట్ రావట్లేదు" అని రెండూ ఒకే అర్థంలో వాడేస్తాం. కానీ అవి రెండు వేర్వేరు పనులు. మునిసిపాలిటీ నీళ్ళు మీ సంపు వరకే వస్తాయి. మేడ మీద బాత్రూమ్‌లో ధార సన్నగా వస్తే తప్పు మునిసిపాలిటీది కాదు, మీ ఇంటి పైపులది. సంపులోకి ఎన్ని నీళ్ళు వచ్చినా ఆ ధార పెరగదు.

ఇక్కడా అంతే. కంపెనీ ఫైబర్ వైరు గోడకి బిగించిన చిన్న బాక్స్ దగ్గర ముగుస్తుంది. దాన్ని ఓఎన్‌టీ అంటారు. వైరులో వచ్చే కాంతి సిగ్నల్‌ని అది ఎలక్ట్రికల్ సిగ్నల్‌గా మారుస్తుంది. అక్కడి నుంచి రౌటర్ ఆ ఒక్క కనెక్షన్‌ని ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నిటికీ పంచుతుంది. చాలా ఇళ్ళల్లో ఈ రెండూ ఒకే బాక్స్‌లో ఉంటాయి, మా ఇంట్లో విడివిడిగా ఉన్నాయి. ప్లాన్ అంటే బాక్స్ వరకు వచ్చే వేగం. మీ మంచం దగ్గర ఎంత వస్తుందన్నది మీ రౌటర్, మీ గోడలు, మధ్య దూరం తేలుస్తాయి.

మా ఇంట్లో ఏం బయటపడింది

అదే ఫోన్‌తో రెండు చోట్ల టెస్ట్ చేశాను. రౌటర్ పక్కన 94 ఎంబీపీఎస్. మేడ మీద గదిలో ఒకసారి 3, ఒకసారి 6, మూడోసారి టెస్టే మొదలవ్వలేదు.

ముందు 3, 6 సంగతి. కనెక్షన్ ఇచ్చినరోజు టెక్నీషియన్ వీధి తలుపు పక్కన గోడకి కన్నం పెట్టాడు. బయటి స్తంభానికి అదే దగ్గర కాబట్టి. రౌటర్ అక్కడే చెప్పుల స్టాండ్ మీద కూర్చుంది. అక్కడి నుంచి తమ్ముడి గదికి మధ్యలో రెండు ఇటుక గోడలు, ఇనుప చువ్వలు వేసిన స్లాబు, ఆ పైన ఒక స్టీల్ బీరువా. రేడియో తరంగాలకి లోహం అంటే అడ్డుగోడే. రౌటర్ సిగ్నల్ అన్నివైపులకీ వెళ్తుంది కాబట్టి, గుమ్మం దగ్గర పెడితే దాదాపు సగం వీధిలోకే పోతుంది. మా వైఫై అందరికంటే బాగా వచ్చేది మా గేటు బయట స్కూటర్ ఆపుకున్నవాళ్ళకి!

ఇక 94 సంగతి. 300 ప్లాన్ కదా, పక్కనే నిలబడ్డా 94 ఎందుకు? రౌటర్ తిప్పి చూశాను. అది మూడేళ్ళ కిందట నేనే కొని పంపిన ఏసీ1200 మోడల్. డబ్బా మీద 1200 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అంకె రెండు బ్యాండ్ల వేగాలని, 300ని 867ని, కలిపి గుండ్రంగా వేసింది. ఏ ఒక్క ఫోన్‌కీ అది రాదు. అసలు విషయం వెనక ఉంది. దాని కేబుల్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. ఓఎన్‌టీ నుంచి రౌటర్‌లోకి వచ్చేదే 100 దాటదు. అంటే తొమ్మిది నెలల పాటు నాన్న కట్టిన అదనపు డబ్బుకి ఆ రౌటర్ మీదుగా ఒక్క ఎంబీపీఎస్ కూడా ఎక్కువ రాలేదు, రాలేదు కూడా కాదు, రావడానికి దారే లేదు. సలహా నాది, రౌటర్ నాది.

ఏం చేశాం

ఓఎన్‌టీని కదపలేదు. పదిహేను మీటర్ల క్యాట్6 కేబుల్ కొని, ఓఎన్‌టీ నుంచి మేడ మెట్ల మలుపు దాకా గోడ వెంట క్లిప్పులతో లాగాం. రౌటర్‌ని ఆ మలుపులో మనిషెత్తు కంటే కొంచెం పైన గోడకి పెట్టాం. ఇప్పుడు కింద హాలుకీ పై గదికీ అదే మధ్య. తమ్ముడి గదిలో 60 పైనే వస్తోంది, కింద వంటింట్లో అమ్మ ఫోన్‌కి 40 దాకా. ప్లాన్ మళ్ళీ 100కి దించేశాం. కేబుల్, క్లిప్పులు కలిపి అయిన ఖర్చు రెండు నెలల అదనపు బిల్లు కంటే తక్కువ.

ఇంకో మార్పు చేశాం. ఇప్పటి రౌటర్లలో చాలావరకు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు ఉంటాయి. 2.4 దూరం వెళ్తుంది, గోడలు కొంచెం మెరుగ్గా దాటుతుంది, కానీ వేగం తక్కువ, రద్దీ ఎక్కువ. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ ప్రాంతంలోనే పనిచేస్తాయి. 5 వేగంగా ఉంటుంది, గోడలు వచ్చేసరికి నీరసపడుతుంది. ల్యాప్‌టాప్, టీవీ 5లో ఉంచాం. దూరంగా ఉన్న సీసీ కెమెరాని 2.4లో వదిలేశాం. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు 2.4లో ఛానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టుకోండి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే.

నా అభిప్రాయం

మనకి అమ్మేది ఎంబీపీఎస్, మనకి కావాల్సింది మూల గదిలో కట్ అవ్వని కాల్. ఈ రెండిటి మధ్య తేడా ఎవరూ చెప్పరు. కంపెనీకి ఫోన్ చేస్తే ప్లాన్ పెంచమంటారు. షాపుకి వెళ్తే కొత్త రౌటర్ చూపిస్తారు. మాలాంటి రివ్యూలు రాసేవాళ్ళు రౌటర్‌కి రెండు మీటర్ల దూరంలో టెస్ట్ చేసి, పెద్ద అంకె స్క్రీన్‌షాట్ పెడతాం. నేనూ పెట్టాను. ఇకపై నా రౌటర్ రివ్యూల్లో రెండు గోడల అవతల అంకె కూడా ఉంటుంది.

అసలు ఒక ఇంటికి ఎంత కావాలి? నెట్‌ఫ్లిక్స్ 4కే వీడియోకి అడిగేది 15 ఎంబీపీఎస్. వీడియో కాల్‌కి నిలకడగా నాలుగైదు ఉంటే హాయిగా నడుస్తుంది. ఇక్కడ "నిలకడగా" అన్న మాటే ముఖ్యం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు, ఎందుకంటే ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. నలుగురున్న ఇంటికి అది తక్కువేం కాదు.

ప్లాన్ పెంచడం ఎప్పుడూ దండగ అనట్లేదు. ఇంట్లో ముగ్గురు నలుగురు ఒకేసారి పెద్ద ఫైళ్ళు అప్‌లోడ్ చేస్తుంటే, లేదా గేమ్‌లు డౌన్‌లోడ్ చేస్తుంటే పెంచండి. కానీ ముందు మీ రౌటర్‌కి గిగాబిట్ పోర్టులు ఉన్నాయో లేదో చూడండి. అద్దె ఇల్లు, గోడకి మేకు కూడా కొట్టనివ్వరు అంటారా? కేబుల్‌ని తలుపు చట్రం వెంట టేపుతో కూడా లాగొచ్చు. అదీ కుదరకపోతేనే రిపీటర్. చవకరకం రిపీటర్ ఒకే రేడియోతో వినాలి, మళ్ళీ చెప్పాలి, అందుకే వేగం సుమారు సగానికి పడిపోతుంది. పైగా దాన్ని సిగ్నల్ రాని గదిలో పెట్టకూడదు, బాగా వచ్చే చోటుకీ రాని చోటుకీ మధ్యలో పెట్టాలి. సిగ్నల్ అందని రిపీటర్ ఏం పంచుతుంది?

కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్ళకి ఒక్క మాట. టెక్నీషియన్ డ్రిల్ తీసే ముందు ఆ ఐదు నిమిషాలు దగ్గర ఉండండి. "అన్నా, ఇక్కడ కాదు, హాలు మధ్యలోకి లాగు" అని అడగండి. అదనపు వైరుకి కొంచెం డబ్బు అడిగితే ఇవ్వండి. ఆ కన్నం ఎక్కడ పడుతుందో దాన్నిబట్టే చాలా ఏళ్ళ వరకు మీ ఇంటి వైఫై నడుస్తుంది.

పాత కనెక్షన్ ఉన్నవాళ్ళు ఈ రాత్రే ఫోన్ తీసుకుని రెండు టెస్టులు చెయ్యండి, ఒకటి రౌటర్ పక్కన, ఒకటి ఇబ్బంది ఉన్న గదిలో. రెండు చోట్లా తక్కువ వస్తే రౌటర్ పోర్టులు, కేబుల్ చూసుకుని, అవి బాగానే ఉంటే కంపెనీకి ఫోన్ చెయ్యండి. పక్కన బాగా వచ్చి గదిలో రాకపోతే ఎవరికీ డబ్బు కట్టకండి, రౌటర్ జరపండి.

ప్లాన్ దించినరోజు నాన్న నన్నేం అనలేదు. "ఏప్రిల్‌లోనే ఒకసారి వచ్చి చూసుంటే అయిపోయేది కదరా" అన్నారు, అంతే. నిజమే. లేదా కనీసం ఫోన్‌లో, "రౌటర్ ఎక్కడుంది నాన్నా?" అని అడిగి ఉంటే సరిపోయేది.