ఒక్క గుర్తు – పెక్కు పలుకులు

ఉద్యోగార్థమై జపానుకు పోనున్న నా పూర్వవిద్యార్థి యొకడు వేసవి సెలవులలో మా యింటికి వచ్చి, ఒక కాగితమును నా ముందుంచెను. దానిపై నిలువుగా ఒక దీర్ఘచతురస్రము, దాని నడుమ ఒక అడ్డగీత. అంతే.

"మాస్టారూ! ఇది ఒక్క అక్షరమేనండీ. సూర్యుడు, దినము అని దీనికి అర్థాలు. నిచి, జిత్సు, హి, క అని నాలుగు రకాలుగా చదవాలట. నాలుగూ కంఠస్థం చేశాను. వాక్యంలో కనపడేసరికి ఏది చదవాలో తోచక నోరు పెగలడం లేదు" అని వాపోయెను.

జపాను భాషతో నాకేమి పని యని వానిని పంపివేయలేకపోతిని. ఏలనన, ఆ కంఠస్థ విద్యను వానికి నేర్పినవాడను నేనే. 'హరి' శబ్దమునకు నానార్థములు వ్రాయుమని యడిగి, విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, సింహము, కోతి, కప్ప యని గడగడ వ్రాసినవానికి నిండు మార్కులు వేసినవాడనును నేనే. అందుచే ఆ వేసవిలో వానితోపాటు నేనును ఆ గుర్తును నేర్వ మొదలిడితిని. అప్పుడు తోచిన నాలుగు మాటలను తోటి యుపాధ్యాయులకును విద్యార్థులకును విన్నవించుచున్నాను.

మన 'క' ధ్వనికి గుర్తు. జపానువారి కంజీ యట్టిది కాదు. అది అర్థమును కూడ పట్టియిచ్చును. మన యంకెలను తలచుకొన్నచో విషయము తేటపడును. 2 అను నంకెను తెలుగువాడు రెండనును, తమిళుడు ఇరండు అనును, హిందీవాడు దో యనును. అంతయేల? ఒంటిగా నున్నప్పుడు రెండని చదివిన దానినే 25 లో మనము 'ఇరవై' యని చదువుచున్నాము. ఇందు తడబడిన బాలుడు లేడు.

ఈ గుర్తు చీనాలో పుట్టినది. మూడువేల యేండ్లకు పూర్వము ఎముకలపైనను తాబేటి చిప్పలపైనను చెక్కిన వ్రాతలలో ఇది సూర్యబింబపు బొమ్మయే. కాలక్రమమున గుండ్రదనము పోయి మూలలు వచ్చినవి. జపానువారు దీనిని గైకొన్నప్పుడు చీనా పలుకునే తమ నోటికి అనువుగా మలచుకొనిరి, అది 'ఓన్'. తమ దేశ్యపదమును కూడ ఆ గుర్తునకే తగిలించిరి, అది 'కున్'. చీనా పలుకైనను ఒక్కమారు రాలేదు. 'నిచి' ముందుగా వచ్చెను. తాంగు వంశపు రాజధానిలోని యుచ్చారణము ననుసరించి 'జిత్సు' పిమ్మట వచ్చెను. హి, క యనునవి దేశ్యములు. తత్సమ దేశ్యములను చదువుకొన్న తెలుగు విద్యార్థికి ఇది యంత వింత కాదు.

సూర్యునికిని దినమునకును ఒకే గుర్తేల యని యడుగనక్కరలేదు. మన 'ప్రొద్దు' చాలును. ప్రొద్దుపొడుపులో అది సూర్యుడు. 'ఏప్రొద్దును' అన్నచో అది కాలము.

ఇక చదువుట యెట్లు? ప్రతిదినము 'మైనిచి', సెలవుదినము 'క్యూజిత్సు', సూర్యోదయము 'హినొదె', మూడవ తేదీ 'మిక్క'. నాలుగు మాటలలో నాలుగు పలుకులును వచ్చినవి. ఆదివారము 'నిచియోబి'. ఇందు మొదటను తుదిని ఉన్నది ఈ గుర్తే. మొదట నిచి, తుద బి. 'హి' యే సమాసమున 'బి' యైనది. మొదటిది సూర్యుడు, తుదిది దినము. మన ఆదివారము ఆదిత్యవారమే కదా! ఈ పోలిక కాకతాళీయము కాదు. గ్రహముల పేర వారములను లెక్కించు పద్ధతిని బౌద్ధాచార్యుడు అమోఘవజ్రుడు 8వ శతాబ్దిలో చీనా భాషలోనికి తెచ్చిన గ్రంథమును, కూకై యను భిక్షువు 806 లో జపానునకు కొనిపోయెను.

సమాసమున ఓన్, ఒంటిగా కున్ అని యొక సూత్రము కలదు. మంచిదే, కాని పైని 'బి' యే దానిని దాటినది. 'నేడు' అను నర్థమున రెండు గుర్తులు కలిసి 'క్యో' యగును. అందు ఏ గుర్తునకు ఏ ధ్వని యని విడదీయుటకు వీలులేదు. ఆ రెండే 'కొన్నిచి' యై పగటిపూట పలుకరింపులో వినబడును. సూత్రము చేతికఱ్ఱ మాత్రమే, దారి కాదు.

మన బాలుడు జన్మదినము అనును, పుట్టినరోజు అనును, 'జన్మరోజు' అనడు. వానికి సూత్రము చెప్పినదెవరు? వాడు మాటలను విన్నాడు, మాటలుగనే పట్టుకొన్నాడు. కంజీ పలుకులను కూడ అట్లే నేర్వవలెనని నా యభిప్రాయము. పలుకుల పట్టిక వద్దు. ఒక్కొక్క పలుకునకు ఒక్కొక్క మాట, ఆ మాటకొక వాక్యము కావలెను.

వల్లెవేయుట పనికిరాదని నేననుట లేదు. జపానులో ప్రాథమిక పాఠశాల ఆరేండ్లలో 1,026 కంజీలను నేర్పుదురు. మొదటి యేట నేర్పు 80 లో ఇదియు నొకటి. 2010 లో సవరించిన నిత్యవ్యవహారపు పట్టికలో 2,136 కలవు. ఇన్ని రూపములు చేతికి అలవడవలెనన్న పలుమారులు దిద్దక తప్పదు. ఈ గుర్తునకు నాలుగు గీతలు: ఎడమ నిలువుగీత, పైనుండి కుడికి వంగి దిగు గీత, నడిమి గీత, అడుగు గీత. ఈ వరుస చేతికి రావలెను. రూపము అభ్యాసముచే వచ్చును. పలుకు ప్రయోగముచే వచ్చును. ఒకదానికి తగిన పద్ధతిని రెండవదానికి అంటగట్టుటయే మన పొరపాటు.

ఆ పొరపాటును నేను ముప్పదియేండ్లు చేసితిని. 'హరి' కి పది యర్థములు వ్రాసిన విద్యార్థి, పద్యములో హరి గర్జించినప్పుడు విష్ణువే గర్జించెనని చెప్పినచో, తప్పు వానిది కాదు; వానికి మార్కులు వేసిన నాది.

నా శిష్యుడు ఒక్కొక్క పలుకునకు అయిదేసి మాటలు వ్రాసికొని, వానిని వాక్యములలో పెట్టి చదివి, పయనమయ్యెను. ఈ యేడు నా ప్రశ్నపత్రమున నానార్థముల పట్టిక యుండదు. అయిదు వాక్యములుండును, అయిదింటను హరి యుండును. ఏ హరి యెవరో విద్యార్థి చెప్పవలెను.