విల్లుకు నారి... ఇంటికి పచ్చదనం!

కనిగిరిలో మొక్కలు పెంచాలనుకునేవారిని మొదట వెనక్కి లాగేది నీళ్లే. వానలు అంతంతమాత్రం. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేందుకే నీళ్లు కొనుక్కునే ఇళ్లలో కుండీలకు బిందెలకొద్దీ పోయడం కుదిరే పనేనా? అలాంటి ఇళ్ల కోసమే పుట్టిందా అనిపించే మొక్క చాగ.

పేరు కొత్తగా ఉన్నా దీని చుట్టం అందరికీ తెలిసిందే. నర్సరీల్లో స్నేక్ ప్లాంట్ పేరుతో అమ్మే పసుపు అంచుల మొక్క. అది పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చింది. చాగ మాత్రం అచ్చంగా మన తూర్పు తీరానిది. ఆకులు సన్నగా, దోనెలా లోపలికి వంగి, ముదురాకుపచ్చ అడ్డచారలతో గుబురుగా లేస్తాయి. సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కలపై పరిశోధన చేసిన విలియం రాక్స్‌బర్గ్ పేరిట 1829లో దీనికి 'సాన్సెవీరియా రాక్స్‌బర్గియానా' అని పేరు పెట్టారు. 2018లో డ్రసీనాల్లో కలిపేశారు. ఆకుల్లోని నార గట్టిది. పూర్వం వింటినారి పేనింది దీనితోనేనంటారు. సంస్కృతంలో చెప్పే మూర్వ ఇదేనని చాలామంది అభిప్రాయం. వింటినారికి 'మౌర్వి' అనే పేరు ఆ మూర్వ నుంచి వచ్చిందే!

చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరుస్తాయి. దాంతో ఎండకు నీరు ఆవిరైపోతుంది. స్నేక్ ప్లాంట్ల పద్ధతి వేరు. రాత్రి చల్లబడ్డాకే తెరుస్తాయి. అందుకే తక్కువ నీటితో బతికేస్తాయి.

పెంచడమూ తేలికే. అడుగున రంధ్రమున్న మట్టికుండీలో ఎర్రమట్టి, ఇసుక సమానంగా కలిపి, దుంపవేరు ముక్కను ఆకులతో సహా నాటాలి. వెలుతురు బాగా వచ్చే కిటికీ పక్కన పెడితే చాలు. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు పోయాలి. ఈ మొక్క నీళ్లు లేక చావడం అరుదు, నీళ్లెక్కువై కుళ్లిపోవడమే ఎక్కువ.

ఇక ఫ్లోరైడ్ సంగతి. డ్రసీనాల్లో చాలావాటికి అది పడదు. ఆకుల కొసలు గోధుమరంగుకు మారి ఎండిపోతాయి. నీళ్లను కాచినా, రాత్రంతా బకెట్లో నిల్వ ఉంచినా ఫ్లోరైడ్ పోదు. కాబట్టి డాబా మీద పట్టిన వాననీళ్లు వాడటం మేలు. అవి లేకపోతే తాగే నీళ్లే ఒకటి రెండు గ్లాసులు పోయొచ్చు. అంతకుమించి ఇది అడగదు మరి!

ఇది గదిలో గాలిని శుభ్రం చేస్తుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మి కొనక్కర్లేదు. 1989లో నాసా మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాలతో మొదలైన మాట అది. మామూలు ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలుండాలని 2019లో అమెరికా పరిశోధకులు తేల్చారు. కుక్కలు, పిల్లులు ఆకులు నమలకుండా చూసుకోవాలి, వాంతులవుతాయి.

అడవిలో ఉన్నదాన్ని పెకలించి తేవద్దు. పెంచుతున్నవారిని అడిగితే ఓ పిలక ఇస్తారు. ఆ పిలక మరికొన్ని పిలకలు వేస్తే... పక్కింటికీ ఒకటి ఇవ్వొచ్చు!