ఒక్క నిమిషం ఆగుతారా?

ఎంఏ, ఎంటెక్, పీహెచ్‌డీ... ఏం చదువుతున్నా సెమినార్లు తప్పవు. పేపరు చదవడం వరకూ ఎలాగో నెట్టుకొచ్చేస్తాం. 'ఇవాళ చర్చ నువ్వే నడిపించు' అని ప్రొఫెసరుగారు అన్నప్పుడే అసలు చిక్కు. మాట్లాడేవాళ్లను ఆపాలి, మాట్లాడనివాళ్లతో మాట్లాడించాలి. రెండూ ఇంగ్లిష్‌లోనే!

మొదలుపెట్టడం తేలికే. 'షల్ వియ్ స్టార్ట్?' అంటే చాలు. 'టుడే వియ్ విల్ డిస్కస్ అబౌట్...' అనకండి. 'గురించి' అన్న అర్థం 'డిస్కస్'లోనే ఉంది, 'అబౌట్' అక్కర్లేదు.

కొందరు మైకు పట్టుకుంటే వదలరు. ప్రతి సెమినార్లో ఒకరుంటారు లెండి. 'ప్లీజ్ స్టాప్' అంటే మొహం మీద కొట్టినట్టుంటుంది. 'కెన్ ఐ స్టాప్ యూ దేర్ ఫర్ ఎ మొమెంట్?' అనండి. వెంటనే ఆయన చెప్పింది ఒక్క ముక్కలో మీరే చెప్పండి... 'సో, యువర్ పాయింట్ ఈజ్ దట్ ద శాంపుల్ ఈజ్ టూ స్మాల్' అని. తన మాట అందరికీ చేరిందని తెలిస్తే ఎవరైనా కాస్త తగ్గుతారు. చర్చ దారి తప్పితే 'కెన్ వియ్ కమ్ బ్యాక్ టు దట్ లేటర్?' అనొచ్చు. అయితే, అది కాగితం మీద రాసుకుని నిజంగానే తర్వాత అడగాలి సుమా!

మూల కూర్చున్నవాళ్లతో మాట్లాడించడం ఇంతకన్నా కష్టం. తెలుగులో 'మీరు చెప్పండి' మర్యాదే. దాన్నే 'యూ టెల్' అంటే ఆజ్ఞాపించినట్టుంటుంది. 'వుడ్ యూ లైక్ టు యాడ్ ఎనీథింగ్?' మర్యాదైన మాటే కానీ, తెలుగు మీడియంలో చదివొచ్చిన అమ్మాయి 'నో సర్' అని తలదించుకుంటుంది. 'యూ హ్యావ్ వర్క్‌డ్ ఆన్ దిస్. వాట్ డిడ్ యూ ఫైండ్?' అని చూడండి. తను చేసిన పని గురించి అడిగితే నోరు పెగులుతుంది. మాట కోసం తడుముకుంటుంటే 'టేక్ యువర్ టైమ్' అనండి. ఆమె వాక్యాన్ని మీరు పూర్తిచేయకండి.

విదేశీయులుంటే ఇంకో జాగ్రత్త. 'ఎనీ డౌట్స్?' అంటే 'నమ్మకం కుదరలేదా?' అన్నట్టు వినిపించొచ్చు. 'ఎనీ క్వశ్చన్స్?' అనడం మేలు. 'టేబుల్' సంగతి మరీ విచిత్రం. ఒక అంశాన్ని 'టేబుల్' చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం!

టైమ్ అయిపోవస్తే 'వియ్ హ్యావ్ టైమ్ ఫర్ వన్ లాస్ట్ క్వశ్చన్' అంటారు. మైకు వదలనాయనే మళ్లీ చెయ్యెత్తుతారు. అప్పుడు నవ్వుతూ 'లెట్స్ హియర్ ఫ్రమ్ సమ్‌వన్ హూ హ్యాజంట్ స్పోకెన్ యెట్' అనేసి, వెనక బెంచీల వైపు చూడండి.