చేత్తో విసిరితే... సముద్రం దాటింది!

2003 ఆగస్టు 9. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కేప్ స్పియర్ అనే కొండకొన. టైము సాయంత్రం పావుతక్కువ ఎనిమిది. ఎదురుగా అట్లాంటిక్ మహాసముద్రం తప్ప ఇంకేం లేదు. 77 ఏళ్ల పెద్దాయన ఒకరు, రెక్కలు చాపితే ఆరడుగులుండే బొమ్మ విమానాన్ని చేతిలోకి తీసుకుని గాల్లోకి విసిరారు. అది లేచింది, తూర్పుకి తిరిగింది, సముద్రం మీదుగా వెళ్లిపోయింది. అక్కడున్నవాళ్లు అది చుక్కయ్యేదాకా చూశారు. ఆ పెద్దాయనకి మాత్రం అంతసేపు చూసే భాగ్యం లేదు. అప్పటికే ఆయన చూపు బాగా పోయింది. అమెరికా చట్టం లెక్కలో ఆయన అంధుడి కిందే జమ. చెవులు కూడా అంతంతమాత్రమే.

పేరు మేనార్డ్ హిల్. ఉండేది మేరీలాండ్ రాష్ట్రంలో. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం సంగతి అలా ఉంచితే, జీవితమంతా ఆయన్ని పట్టుకుని వదలనిది ఏరోమోడలింగ్... అంటే రేడియోతో నడిచే చిన్న విమానాల్ని కట్టడం, ఎగరేయడం.

పిల్లలాట కదా, దీనికింత హడావుడా అనిపించవచ్చు. ఆ అభిప్రాయం మొదటి విమానం కట్టడం మొదలుపెట్టిన రోజే పోతుంది. హిల్ సముద్రం మీదికి పంపిన విమానానికీ, ఏ ఇంట్లోనో తండ్రీకొడుకులు డైనింగ్ టేబుల్ ఆక్రమించి కట్టే విమానానికీ మూలసూత్రాల్లో పెద్ద తేడా లేదు. అందుకే ముందు ఆ టేబుల్ దగ్గరికి వెళ్దాం.

బల్ల మీద పరిచేది ప్లాన్. విమానం అసలు సైజులో గీసిన బొమ్మ అది. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం వేస్తారు, జిగురు కారి ప్లానుకి అంటుకోకుండా. ఆ పైన బాల్సా చెక్క ముక్కల్ని గుండుసూదులతో నిలబెట్టి ఒక్కొక్కటే అతికిస్తారు. బాల్సా ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. మన బూరుగు చెట్టుకి చుట్టమే. టేకుతో పోలిస్తే నాలుగోవంతు బరువుంటుంది. బ్లేడుతో కోస్తే తెగుతుంది, అయినా నిలువునా చాలా గట్టిది. రెక్కకి వెన్నెముకలా ఒక పొడవాటి బద్ద ఉంటుంది. దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి ముక్కలు వరసగా వస్తాయి. చేప ముల్లుని గుర్తుచేసుకుంటే సరిపోతుంది.

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు జిగురు. ఎక్కువ పూస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు. గట్టిదనం సంగతేమోగానీ బరువు పెరుగుతుంది. రెండో తప్పు తొందర. జిగురు ఆరకముందే సూదులు పీకితే రెక్కలో సన్నటి మెలి పడుతుంది. బల్ల మీద అది కంటికి కూడా ఆనదు. గాల్లోకెళ్లాక మాత్రం విమానం ఎప్పుడూ ఒక పక్కకే లాగుతూ ఉంటుంది.

అస్థిపంజరం పూర్తయ్యాక చర్మం తొడగాలి. ఒకవైపు జిగురున్న ప్లాస్టిక్ ఫిల్మ్‌ని రెక్క మీద పరిచి ఇస్త్రీ పెట్టెలాంటి చిన్న సాధనంతో రుద్దుతారు. వేడికి ఫిల్మ్ ముడుచుకుని డోలు తోలులా బిగుస్తుంది. ఈ పనిలో ఇంట్లో ఇస్త్రీ చేయడం బాగా వచ్చినవాళ్లదే పైచేయి! అంతవరకూ పుల్లల బొత్తిలా ఉన్నది ఆ పది నిమిషాల్లో విమానం రూపంలోకి వస్తుంది. చాలామంది ఈ అభిరుచికి అతుక్కుపోయేది సరిగ్గా అప్పుడే.

ఇక కడుపులోకి వెళ్లే సామాను. మనిషి చేతిలో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది, విమానంలో రిసీవర్. రిసీవర్ చెప్పినట్టల్లా కదిలేవి సర్వోలు... అగ్గిపెట్టెంత మోటార్లు. వాటి చేతులకి సన్నటి తీగలు, ఆ తీగల చివర రెక్కలకీ తోకకీ ఉన్న తలుపులు. తోక మీది అడ్డ తలుపు ఎలివేటర్. అది ముక్కుని పైకీ కిందికీ తిప్పుతుంది. నిలువు తలుపు రడ్డర్, పడవ చుక్కాని లాంటిది. రెక్కల చివర్లలోవి అయిలరాన్లు. ఒకటి పైకి లేస్తే రెండోది దిగుతుంది, విమానం పక్కకి వాలుతుంది. మొదటి రోజే కూలిపోయే విమానాల్లో కొన్నిటి జాతకం ఇక్కడే తేలుతుంది. తీగ తిరగేసి బిగిస్తే కుడి అన్నప్పుడు విమానం ఎడమకి వాలుతుంది. అందుకే అనుభవజ్ఞులు విమానం వెనక నిలబడి, నోటితో పైకి చెప్పుకుంటూ ఒక్కో తలుపునీ పరీక్షిస్తారు. చూసేవాళ్లకి మంత్రం చదువుతున్నట్టే ఉంటుంది.

ఆఖరి పరీక్ష గరిమనాభి. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి విమానాన్ని ఎత్తితే అది తరాజులా నిలవాలి. మామూలు విమానానికి ఆ చోటు రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగోవంతు, మహా అయితే మూడోవంతు దూరంలో ఉంటుంది. ముక్కు కాస్త బరువైతే విమానం బద్ధకంగా ఎగురుతుంది, అంతే. తోక బరువైతే మాత్రం అదుపులో ఉండదు. మొదటి ప్రయాణమే చివరిదవుతుంది. బ్యాటరీని అంగుళం ముందుకి జరిపితే సరిపోయేదానికి నెలరోజుల శ్రమని పోగొట్టుకున్నవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు.

ఇప్పుడు ఫోమ్‌తో చేసిన రెడీమేడ్ విమానాలు దొరుకుతున్నాయి. గంటలో బిగించి ఎగరేసుకోవచ్చు. ఇంజినీరింగ్ విద్యార్థులైతే థర్మోకోల్, సన్‌బోర్డు షీట్లతో చవగ్గా కట్టేసుకుంటున్నారు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్లకి ఏరోమోడలింగ్ శిక్షణలో భాగమే. ఏ దారిన వచ్చినా మైదానంలోకి వెళ్లాక పాఠం ఒక్కటే.

ఎగరేయడం అంటారా... ఎక్కించడం తేలిక. గాలికి ఎదురుగా వదిలితే మంచి విమానం దానంతటదే లేస్తుంది. చిక్కంతా అది తిరిగి మనవైపు వస్తున్నప్పుడు. దూరంగా వెళ్తున్నప్పుడు దాని కుడి మన కుడే. ఎదురొస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ. బుర్ర ఆ లెక్క తేల్చుకునేలోపు విమానం చెట్టెక్కేస్తుంది. దీనికి పాతవాళ్లు చెప్పే చిట్కా ఒకటుంది. ఎదురొచ్చే విమానం ఏ రెక్క వాలుతోందో చూసి, దానికి కర్ర ఊతం పెడుతున్నట్టు స్టిక్‌ని అటే నెట్టమంటారు. కుడి ఎడమల గొడవే ఉండదు. ఇక దించడం, అది విడిగా నేర్చుకోవాల్సిన విద్య. అందుకే తొలి రోజుల్లో పక్కన గురువు ఉండాలి.

ఇంకోటి కూడా ఉంది. మన దేశంలో 2021 నాటి డ్రోన్ రూల్స్ ప్రకారం వినోదానికీ చదువుకీ ఎగరేసే మోడల్ విమానం కంటి చూపు పరిధిలోనే ఉండాలి. విమానాశ్రయాల దరిదాపుల్లో ఆంక్షలుంటాయి. ఎక్కడ ఎగరేయవచ్చో ప్రభుత్వ మ్యాపులో చూసుకోవాలి. కళ్లెదుటే ఉండాలన్నది చట్టం పెట్టకముందు నుంచీ ఈ అభిరుచికి ప్రాణసూత్రం. కనబడని విమానం పోయిన విమానమే.

మరి అది కళ్లకి కనబడని దూరం వెళ్లాలంటే? చూసే కళ్లే మసకబారిపోతే? హిల్ ముందున్నవి ఈ రెండు ప్రశ్నలూ.

రేడియోతో మోడల్ విమానాన్ని నడపడం అమెరికాలో 1937లో సాధ్యమైంది. వాల్టర్, విలియం గుడ్ అనే కవల సోదరులు మిషిగన్‌లో చేసి చూపించారు. హిల్ ఆ తర్వాతి తరం. 1970లో ఆయన మోడల్ విమానం ఎనిమిది వేల మీటర్ల పైకి, అంటే ఎవరెస్టు శిఖరానికి కాస్త దిగువ దాకా వెళ్లింది. అలాంటి ప్రపంచ రికార్డులు ఆయనకి పాతిక ఉన్నాయి. చూపు తగ్గుతున్న వయసులో ఆయన మనసు అట్లాంటిక్ మీదికి పోయింది.

అసలు అడ్డంకి సముద్రం కాదు, తక్కెడ. అంతర్జాతీయ నియమాల ప్రకారం మోడల్ విమానం ఇంధనంతో కలిపి ఐదు కిలోలు దాటకూడదు. ఇంజిన్ పది సీసీలు మించకూడదు. ఇంట్లోకి తెచ్చుకునే ఐదు కిలోల బియ్యం సంచి బరువులోనే రెక్కలు, ఇంజిన్, బ్యాటరీలు, మూడు వేల కిలోమీటర్లకి సరిపడా ఇంధనం... అన్నీ ఇమడాలి! ఈ లెక్క తేలడానికి హిల్ బృందం చేయని పనిలేదు. మామూలుగా ఇలాంటి ఇంజిన్లకి మిథనాల్ పోస్తారు. అదే బరువు పెట్రోలులో ఉన్న శక్తిలో సగం కూడా దానిలో ఉండదు. అందుకని క్యాంపుల్లో లాంతర్లూ స్టవ్వులూ వెలిగించే ఇంధనానికి మారారు. ఇంజిన్ దాన్ని చుక్క చుక్కగా తాగేలా కార్బురేటర్‌ని సవరించారు. చివరికి విమానం బరువులో దాదాపు సగం ఇంధనమే అయింది. అదీ ఒక గాలన్‌కి లోపే. గంటకి వంద మిల్లీలీటర్లు కూడా కాదన్నమాట. కాఫీ కప్పు నిండదు!

తీరం దాటాక రేడియో అందదు కాబట్టి దారి చూపడానికి జీపీఎస్‌తో పనిచేసే చిన్న ఆటోపైలట్ పెట్టారు. ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో ఉపగ్రహం ద్వారా కబురు వచ్చే ఏర్పాటు కూడా చేశారు.

అంత చేసినా 2002 ఆగస్టులో పంపిన విమానాలు ఒక్కటీ ఆవలి ఒడ్డు చేరలేదు. 2003 ఆగస్టులో పంపిన మొదటిదీ పోయింది. నెలల తరబడి చేత్తో కట్టిన వస్తువుని, తిరిగి వస్తుందన్న భరోసా లేకుండా, సముద్రం మీదికి విసరడం... ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ! డెబ్భై ఏడేళ్ల వయసులో, కళ్లు సహకరించని స్థితిలో మరో విమానం బిగించడానికి కూర్చోవడం ఎంత కష్టమో ఒక్క రెక్క విరగ్గొట్టుకున్నవాళ్లకి కూడా అర్థమవుతుంది.

ఐదోదాని పేరు ‘స్పిరిట్ ఆఫ్ బట్స్ ఫార్మ్’. లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటిన విమానం ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ని గుర్తుచేసే పేరు. బట్స్ ఫార్మ్ అంటే మేరీలాండ్‌లో వీళ్లు ట్రయల్స్ వేసిన పొలం. పొలం యజమాని మీది కృతజ్ఞత అలా తీర్చుకున్నారు. ఎంచుకున్న దారికీ చరిత్ర ఉంది. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్‌లు ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటింది న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లాండ్‌లోని క్లిఫ్డెన్‌కే. పచ్చిక బయలనుకుని వాళ్లు దిగింది బురదనేలలో. విమానం ముక్కు అందులో దిగబడింది.

విసిరిన తర్వాత కాసేపు సహచరుడొకరు రేడియోతో నడిపి, ఆటోపైలట్‌కి అప్పగించారు. ఆ రాత్రి గడిచింది. మర్నాడు గడిచింది. మరో రాత్రి. విమానం సుమారు మూడు వందల మీటర్ల ఎత్తులో, సగటున గంటకి 78 కిలోమీటర్ల వేగంతో పోతోంది. మన ఎక్స్‌ప్రెస్ బస్సు వేగమే. ఒక దశలో ఉపగ్రహం నుంచి గంటల తరబడి కబురు ఆగిపోయింది. సముద్రంలో పడిందా, సిగ్నలే అందడంలేదా? ఎవరికి తెలుసు! మళ్లీ కబురు మొదలైంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది.

ఆగస్టు 11 మధ్యాహ్నం రెండు దాటింది. క్లిఫ్డెన్ దగ్గరి మానిన్ బీచ్‌లో జనం ఆకాశం వైపు చూస్తున్నారు. అమెరికా ఏరోమోడలర్ల సంఘం అధ్యక్షుడు డేవ్ బ్రౌన్ చేతిలో ట్రాన్స్‌మిటర్‌తో నిలబడి ఉన్నారు. పడమటి నుంచి చిన్న చుక్క... విమానం కనిపించగానే అదుపు అందుకుని, క్షేమంగా నేల మీదికి దించారు. 38 గంటల 52 నిమిషాలు, 3,030 కిలోమీటర్లు. మన దేశం ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస దాకా ఉండే దూరానికి కాస్త తక్కువ. ట్యాంకు అడుగున ఇంధనం కొద్దిగా మిగిలింది.

అట్లాంటిక్ దాటిన తొలి మోడల్ విమానం అదే. మేనార్డ్ హిల్ 2011 జూన్‌లో, 85 ఏళ్ల వయసులో చనిపోయారు. తన విమానం దిగడాన్ని ఆయన దగ్గరుండి చూడలేదు. ఆ మధ్యాహ్నం ఆయన సముద్రానికి ఈవలి ఒడ్డున, న్యూఫౌండ్‌లాండ్‌లోనే ఉన్నారు. కబురు ఫోన్లో వచ్చింది.