రక్షణ పడవలో మనకు చోటుందా?

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. 26 మంది బతికారు. వాళ్లను గట్టుకు చేర్చింది యూనిఫాం వేసుకున్న దళాలు కాదు. ఒడ్డున ఉన్న కచ్చులూరు జనం తమ నాటు పడవలేసుకుని వెళ్లి, నీళ్లలో కొట్టుకుపోతున్న వాళ్లను అందుకున్నారు. తర్వాత నేవీ, ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు వారాల తరబడి గాలించాయి. చివరికి అక్టోబరు 22న ఆ బోటును అడుగు నుంచి బయటికి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. దానికి రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో అనుమతి లేని బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఒంగోలు నుంచి వెళ్లినవాళ్లే. అక్కడ కూడా ముందు చేరింది మత్స్యకారులే.

మన పేపర్లు వీళ్లకు ఒక పేరు పెట్టాయి: గజ ఈతగాళ్లు. "గజ ఈతగాళ్లను రప్పించి గాలింపు చేపట్టారు" అనే వాక్యం ప్రతి వేసవిలోనూ చదువుతాం. ఆ ఈతగాడి పేరు ఆ వార్తలో ఉండదు. అతనికి కూలి ఎవరిచ్చారు, నీళ్లలో అతనికే ఏదైనా అయితే ఇంటికి ఎవరు దిక్కు అనేది కూడా ఉండదు. పోలీసు ఫోన్ చేస్తే వస్తాడు, శవం తీస్తాడు, వెళ్లిపోతాడు.

ఇప్పుడు తీరంలో రక్షణ పడవలు, వాటి మీద శిక్షణ పొందిన స్థానిక వాలంటీర్లు అనే మాట గట్టిగా వినిపిస్తోంది. అది అవసరమే. అయితే ఆ పడవ ఎక్కేది ఎవరు, ఎక్కడానికి అర్హత పత్రం ఎవరికి ఇస్తారు అనే ప్రశ్నను మనం ఇప్పుడే వేయాలి. పత్రాలు పంచడం అయిపోయాక అడిగితే లాభం లేదు.

మిర్చి, పత్తి పండే జిల్లాలకు పడవలతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక గుంటూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయింది. నిజాంపట్నం నుంచి సూర్యలంక, వాడరేవు దాకా తీరమంతా బాపట్ల జిల్లాకు వెళ్లింది. ప్రకాశానికి కొత్తపట్నం వైపు తీరం మిగిలింది. గీతలు మారాయి గానీ నీళ్లు మారలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమతో ఆగలేదు, రేపల్లె వైపు పల్లెల్నీ ముంచింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు దిగువన లంక ఊళ్లు నీళ్లలో మునిగాయి. ఇక వారాంతం వస్తే గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ కాలేజీ పిల్లలంతా సూర్యలంకలో, రామాపురంలో ఉంటారు. వాళ్లలో కొందరు తిరిగి రారు.

రక్షణ శిక్షణకు ఇప్పుడున్న పెద్ద పథకం ఆపద మిత్ర. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో 30 జిల్లాల్లో ప్రయోగంగా మొదలుపెట్టింది. 2021లో 350 జిల్లాలకు, లక్ష మంది వాలంటీర్లకు విస్తరించింది. కేటాయింపు 369 కోట్లు. 12 రోజుల శిక్షణ, ఒక కిట్టు, కొన్నేళ్ల బీమా ఇస్తారు. వయసు 18 నుంచి 40 లోపు ఉండాలి. కనీసం ఏడో తరగతి చదివి ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. మాజీ సైనికులకు, రిటైరైన వైద్య సిబ్బందికి, సివిల్ ఇంజినీర్లకు వయసులో సడలింపు ఉంది.

ఆ సడలింపుల జాబితా మళ్లీ ఒకసారి చదవండి. నలభై అయిదేళ్ల మత్స్యకారుడు అందులో లేడు. మొగ దగ్గర నీళ్లు ఏ వేళకు ఎటు లాగుతాయో, ఎక్కడ ఇసుక మేట వేసిందో చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు అతను. నిజాంపట్నం మడ అడవుల కాలవల్లో చేపలు, పీతలు పట్టే యానాదులకు ఏడో తరగతి పత్రం ఎక్కడి నుంచి వస్తుంది? ఆధార్ కోసం, కుల ధ్రువీకరణ కోసమే వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. చదువు లేకుండా చేసినవాళ్లే చదువు లేదని పక్కన పెట్టడం మనకు కొత్త కాదు.

ఇంకో మాట తరచూ వింటాం: మాల మాదిగలకు సముద్రంతో సంబంధం లేదు, వాళ్లకు ఈత రాదు, పడవ పని వాళ్లకెందుకు అని. ఈత ఎందుకు రాదో కూడా చూడాలి కదా. పల్లెటూళ్లో పిల్లలు ఈత నేర్చుకునేది చెరువులో, బావిలో. ఆ చెరువు ఎవరిది, ఆ బావి ఎవరిది? 1985 జులై 17న కారంచేడులో మాదిగల మీద జరిగిన ఊచకోతకు ముందు నడిచింది చెరువు గొడవే. మాదిగలు తాగే నీళ్లలో గేదెల కుడితి కలుపుతుంటే అడ్డుచెప్పినందుకు మొదలైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో నరికిన దళితుల శరీరాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఈ మైదానంలో మనకూ నీళ్లకూ మధ్య ఉన్న చరిత్ర ఇది. ఈత రాకపోవడాన్ని మన వాడల లోపంగా చూపేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

పైగా పడవ పని పుట్టుకతో రావాలన్నది అబద్ధం. బ్రిటన్‌లో 1824 నుంచి నడుస్తున్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే రక్షణ పడవల సంస్థ దాదాపుగా వాలంటీర్ల మీదే ఆధారపడింది. అక్కడ సిబ్బందిలో సముద్రమే వృత్తిగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు. మిగతావాళ్లు టీచర్లు, మేస్త్రీలు, దుకాణదారులు. చేరినవాళ్లను ఏడాది పాటు పరీక్ష మీద ఉంచి, ఒడ్డు మీదా నీళ్లలోనూ నేర్పించి, ఒక్కో పనిలో విడివిడిగా పరీక్షించి, ఆ తర్వాతే పూర్తి సభ్యులుగా తీసుకుంటారు. పడవ, బట్టలు, శిక్షణ ఖర్చు అంతా సంస్థదే. మన దగ్గరి 12 రోజుల్లో లైఫ్‌జాకెట్ కట్టుకోవడం, ముడులు వేయడం, ప్రథమ చికిత్స వంటివి వస్తాయి. అలల్లో బోటు తిప్పుతూ మునుగుతున్న మనిషి పక్కకు చేర్చడం 12 రోజుల్లో రాదు. సరంగుగా నిలబడటం అసలే రాదు.

అలాగని శిక్షణే వద్దనడం కూడా తప్పు. సముద్రం తెలిసినవాళ్లకు మనిషిని పైకి తేవడం వచ్చు. తెచ్చాక ఏం చేయాలో చాలామందికి తెలియదు. మన తీరంలో ఇప్పటికీ మునిగిన మనిషి పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం చూస్తాం. నీళ్లు కక్కించడం కాదు, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదడం ముందు జరగాలి. తర్వాత గుండె మీద నొక్కాలి. ఆ నాలుగు నిమిషాల్లో ఇది తెలిసిన ఒక్క మనిషి ఉంటే బతికేవాళ్లు ఎందరో! అంబులెన్సు వచ్చేదాకా ఆగే ప్రాణం కాదు అది. కొండపావులూరు నుంచి ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ నిజాంపట్నం చేరాలంటే రెండు గంటలకు పైగా పడుతుంది. కాబట్టి ఊళ్లోనే నేర్చినవాళ్లు ఉండాలి.

వాలంటీర్ అనే మాట దగ్గర కూడా ఒకసారి ఆగాలి. జీతం వచ్చే ఉద్యోగి సెలవు పెట్టి 12 రోజులు శిక్షణకు పోగలడు. రోజు కూలికి పత్తి తీసే మనిషి 12 రోజులు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. తుపాన్ల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు. పత్తి తీతలు నడిచేదీ అప్పుడే. జనవరి దాటితే మిర్చి కోతలు. ఆ నెలల్లో పనికి పోయే ఆడవాళ్లను ఎవరైనా శిక్షణకు పిలిచారా? బంగ్లాదేశ్‌లో 1970 తుపాను తర్వాత మొదలైన తుపాను సన్నద్ధత కార్యక్రమంలో ఇప్పుడు 76 వేల మంది వాలంటీర్లున్నారు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లు. అక్కడి ఆడవాళ్లు మనకంటే ఖాళీగా ఉన్నవాళ్లేం కాదు. శిక్షణ రోజులకు కూలి కట్టివ్వకుండా 'సేవాభావం' అడిగితే, ఆ సేవ చేయగలిగేది భూమి ఉన్న ఇంటి కుర్రాడే. కార్డు అతని మెళ్లోకి పోతుంది. రేపు హోంగార్డు పోస్టో, బీచ్‌లో లైఫ్‌గార్డు పనో పడితే ఆ కార్డే అర్హత అవుతుంది.

పేర్లు మత్స్యకార సహకార సంఘాల ద్వారానే తీసుకుంటే ఇంకో తలుపు మూసుకుంటుంది. మత్స్యకార కులాలు బీసీలు, వాళ్లకు రావాల్సింది వాళ్లకు రావాలి, అందులో మనకు పేచీ లేదు. కానీ అదే ఊరి మాలపల్లె, మాదిగపల్లె, యానాది సంఘంలో ఆ సంఘాల సభ్యత్వం ఎందరికి ఉంది?

ఇదంతా ఉద్యోగాల లెక్క మాత్రమే కాదు. వరద వచ్చిన రాత్రి పడవ ముందు ఎటు తిరగాలో పడవలో ఉన్నవాళ్లే నిర్ణయిస్తారు. వాడలు పల్లంలో ఉంటాయి, ముందు మునిగేది అవే. విపత్తు నిర్వహణ చట్టం, 2005లో 61వ సెక్షన్ ఉంది. పరిహారం, సహాయం అందించడంలో కులం, మతం, స్త్రీ పురుష భేదం చూపకూడదని అది చెబుతుంది. మంచిదే. కానీ రక్షణ బృందాల్లో ఎవరుండాలో ఆ సెక్షన్ మాట్లాడదు. సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఏం జరిగిందో హక్కుల సంఘాలు నమోదు చేశాయి. దళితులను సహాయ శిబిరాల నుంచి, నీళ్ల ట్యాంకుల నుంచి దూరం పెట్టారు. కుళ్లిన శవాలు ఎత్తడానికి మాత్రం ఇతర పట్టణాల నుంచి పారిశుద్ధ్య కార్మికులను తెచ్చారు. వాళ్లు ఏ కులాల వాళ్లో ఈ పాఠకులకు విడిగా చెప్పక్కర్లేదు. శవం ఎత్తడానికి అర్హత పత్రం అడగలేదు మరి.

సూర్యలంక బీచ్‌కు కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 కింద 97 కోట్లకు పైగా మంజూరు చేసింది. అందులో రక్షణ పడవలకు, సిబ్బందికి ఎంత? రాష్ట్రంలో ఉన్న 21 మెరైన్ పోలీస్ స్టేషన్లలో సూర్యలంకదీ ఒకటి. అక్కడి బోట్ల మీద స్థానికులు ఎందరు? బాపట్ల, ప్రకాశం జిల్లాల ఆపద మిత్రల జాబితాలో ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, ఆడవాళ్లు ఎందరు? కలెక్టరేట్లలోని విపత్తు నిర్వహణ విభాగానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి పది రూపాయలు చాలు. బాపట్ల, చీరాల, ఒంగోలు కాలేజీల్లోని విద్యార్థి మిత్రులు ఈ పని మొదలుపెట్టొచ్చు.

అడగాల్సినవి మరికొన్ని ఉన్నాయి. పడవ నడపడం, ఈదడం వచ్చినవాళ్లకు రాత పరీక్ష తీసేసి నీళ్లలోనే పరీక్ష పెట్టాలి, తెలుగులో నోటితో ప్రశ్నలడగాలి, ఏడో తరగతి నిబంధన ఎత్తేయాలి. ఏమీ రానివాళ్లకు, ముఖ్యంగా వాడల పిల్లలకు, సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఈత నుంచి మొదలుపెట్టి నేర్పాలి. శిక్షణ రోజులకు ప్రభుత్వ కనీస వేతనం కట్టివ్వాలి. బీమా మూడేళ్లకో నాలుగేళ్లకో ఆగిపోకుండా, పిలిచినంత కాలం ఉండాలి. శవాలు తీసినందుకు మాత్రమే కాదు, ప్రాణాలు కాపాడినందుకు కూడా గజ ఈతగాళ్ల పేర్లు స్టేషన్ రికార్డులోకి ఎక్కాలి. ఈ తుపాను కాలానికి పేర్లు రాసేటప్పుడు తహసీల్దారు ఆఫీసులో ఎవరి పేర్లు ఉన్నాయో మన వాళ్లు వెళ్లి చూడాలి.