గొర్రెల క్షయను ఎవరు చూస్తున్నారు?

ఢిల్లీలో కరోల్ బాగ్‌కు దగ్గర్లోనే ఉండే ఈద్గా కబేళా 2009లో నగరం తూర్పు అంచున ఉన్న గాజీపూర్‌కు తరలిపోయింది. ఏళ్ల తరబడి న్యాయస్థానాల్లో సాగిన వివాదంలో కాలుష్యం, అపరిశుభ్రత, జంతుహింసే ప్రధానాంశాలు. కానీ కబేళాకు మరో బాధ్యత కూడా ఉంది. మందలో దాగిన రోగాలు బయటపడేది అక్కడే. గొర్రెల క్షయ విషయంలోనైతే మనకున్న కాపలా దాదాపు అదొక్కటే. ఆ కాపలా బలహీనంగా ఉండటమే అసలు సమస్య.

గొర్రెలకు క్షయ అరుదన్న నమ్మకం పశువైద్యంలో చాలాకాలం ఉంది. స్పెయిన్‌లోని గలీషియా ప్రాంతంలో జరిగిన పరిశోధనలు ఆ ధీమాను సడలించాయి. క్షయ సోకిన ఆవులతో కలిసి పెరిగిన గొర్రెల్లోనూ అదే రోగం, అదే రకం సూక్ష్మజీవి బయటపడ్డాయి. బ్రిటన్, న్యూజిలాండ్‌లలోనూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి. ఆరుబయట మేయడం వల్లే గొర్రెకు ముప్పు తక్కువ. గాలి ఆడని కొట్టంలో, ఒకే కుడితి తొట్టి దగ్గర రోగమున్న ఆవుతో నెలల తరబడి గడిపితే ఆ రక్షణ పోతుంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 7.43 కోట్ల గొర్రెలుంటే తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దాదాపు సగం మన దగ్గరే. మరోపక్క మన దేశంలో సుమారు 2.18 కోట్ల పశువులకు క్షయ సోకి ఉండొచ్చని 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. చిన్న రైతు ఇంట ఆవు, గేదె, నాలుగు గొర్రెలు ఒకే చూరు కింద ఉండటం మామూలే. 2017లో తెలంగాణ మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకం కింద పొరుగు రాష్ట్రాల నుంచీ జీవాలను కొని తెచ్చారు. మందలు ఇలా చేతులు మారేటప్పుడు వాటి ఆరోగ్య చరిత్ర కూడా వెంట రావాలి.

కాపరి కంటికి ఈ రోగం ఆనదు. గొర్రె చిక్కిపోతే నట్టలనుకుంటాడు, దగ్గితే జలుబనుకుంటాడు. చర్మం పొరలోకి ట్యూబర్‌క్యులిన్ ఎక్కించి 72 గంటలకు వాపు కొలిచే పరీక్ష ఉన్నా, ఊరూరా గొర్రెలకు దాన్ని చేసే కార్యక్రమం లేదు. చిక్కిన జీవం చివరికి కోతకే పోతుంది. అక్కడ ఊపిరితిత్తులు, వాటి దగ్గరి లింఫు గ్రంథులు కోసి చూస్తే గట్టిపడిన చీముగడ్డలు కనబడతాయి. గొర్రెల్లో గ్రంథులు చీము పట్టే మరో రోగం కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ప్రయోగశాల నిర్ధారణ తప్పనిసరి. ఆదివారం పూట వీధి చివర కోసే చోట ఇదంతా చూసేదెవరు? రోగం జాడ చెప్పాల్సిన ఊపిరితిత్తులు కుక్కల పాలవుతాయి.

విధానాల్లోనూ ఈ లోటు కనిపిస్తుంది. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమం గాలికుంటు, బ్రుసెల్లోసిస్‌లకే పరిమితం. పాశ్చాత్య దేశాల్లో పరీక్షలో రోగం తేలిన ఆవును వధించి రైతుకు పరిహారమిస్తారు. గోవధ నిషేధ చట్టాలున్న మన దగ్గర ఆ దారి లేదు. మనుషుల్లో క్షయను 2025కల్లా అంతం చేస్తామని 2018లో లక్ష్యం పెట్టుకున్నా, ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఇంకా ఇక్కడే ఉన్నారు. వారిలో అత్యధికులకు అది సాటి మనిషి నుంచి సోకిందే. అయితే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల రోగుల నమూనాల్లో పశువులకూ సోకే ‘ఒరైగిస్’ రకం క్షయ సూక్ష్మజీవి కనిపించిందని 2020లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. పశువుల వైపు తలుపు తీసి ఉంచి మనిషి రోగాన్ని మాత్రమే తరమడం సగం పనే.

దీనికి భారీ ఖర్చేమీ అక్కర్లేదు. పురపాలక కబేళాల్లో పశువైద్యుడు అనుమానపు గడ్డలను, జీవం వచ్చిన ఊరి పేరును నమోదు చేయాలి. ఆ ఊళ్లో ముందుగా ఆవులకు పరీక్ష జరపాలి. రోగమున్నవాటిని వేరుగా కట్టాలి. హైదరాబాద్ శివారు చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ తనిఖీ సిబ్బందికి శిక్షణ ఇవ్వగలదు. రెండు వారాలు దాటి దగ్గుతున్న కాపరికి, కసాయికి తెమడ పరీక్ష చేయించాలి.

మాంసాహారులు భయపడాల్సిన పని లేదు. బాగా ఉడికిన మాంసంలో, కాచిన పాలలో ఈ సూక్ష్మజీవి బతకదు. కాకపోతే కరోల్ బాగ్‌లో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా పశువైద్యుడి తనిఖీ ముద్ర ఉన్న మాంసమే అడగండి. కొనేవారు అడగనంత కాలం తనిఖీ కాగితాలకే పరిమితమవుతుంది.