ఉరుము మంగలం మీదే ఎందుకు పడుతోంది?

2021 నవంబరులో మధ్యప్రదేశ్‌లోని భింద్ జిల్లా పోలీసులు ఇద్దరిని అరెస్టు చేసి ఒక వింత సంగతి బయటపెట్టారు. విశాఖపట్నం నుంచి గంజాయి అమెజాన్ పార్సిళ్లలో వస్తోందట. సైట్‌లో దాని పేరు ఎండబెట్టిన స్టీవియా ఆకులు. దాదాపు వెయ్యి కిలోలు ఇలా చేతులు మారి ఉంటాయని పోలీసుల అంచనా. సంస్థ అధికారుల మీద మాదకద్రవ్యాల చట్టం కింద కేసు పెట్టారు. దర్యాప్తుకు సహకరిస్తున్నామని సంస్థ చెప్పుకుంది. ఆ కేసులో తప్పెంత, ఎవరిదన్నది ఇక్కడ చర్చించబోవడం లేదు. ఆ సరుకు సైట్‌లోకి ఎలా ఎక్కిందన్నదే ప్రశ్న. లిస్టింగ్ పెట్టాలంటే ఖాతా తెరవాలి, పన్ను నంబరు ఇవ్వాలి, సరుకు ఏ తరగతిదో చెప్పాలి, ఫొటో, బరువు, ధర నింపాలి. గడులన్నీ నిండితే యంత్రానికి అభ్యంతరం ఉండదు. గడిలో రాసిందీ పొట్లంలో ఉన్నదీ ఒకటేనా అని అది అడగదు.

ఆన్‌లైన్ అంగళ్లలో అమ్ముకునే చిన్న వ్యాపారులను కదిపితే మాత్రం వేరే కథ వినిపిస్తుంది. ఫొటో వెనక తెలుపు నికార్సైన తెలుపు కాదని లిస్టింగ్ ఆగిపోతుంది. వివరణలో వాడిన ఏదో ఒక మాట నిషిద్ధ పదాల జాబితాలో ఉందని మరొకటి పోతుంది. కొన్నాళ్లకు ఖాతాయే నిలిచిపోతుంది, అప్పటిదాకా అమ్మిన సరుకు డబ్బులు హోల్డ్‌లో పడతాయి. ఇవన్నీ రూల్స్‌లో ఉన్నవే, అమ్మకందారు ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా ఒప్పుకున్నవే. కాబట్టి రూల్స్ లేవని అనలేం, అవి అన్యాయమైనవని కూడా నేను అనడం లేదు. అవే రూల్స్ ఒకరి మీద అక్షరం పొల్లుపోకుండా అమలవుతూ, ఇంకొకరి దగ్గర చూసీచూడనట్టు పోవడమే ఇక్కడి జబ్బు.

సస్పెన్షన్ మెయిల్ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. మీ లిస్టింగ్ మా విధానాలకు అనుగుణంగా లేదు అంటుంది. ఏ విధానం, ఏ వాక్యం, ఫొటోలో ఏ మూల అన్నది ఉండదు, ఉన్నా రెండు మూడు పేజీల లింకులుంటాయి. అప్పీలు చేసుకోవాలంటే మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. తప్పు ఎందుకు జరిగింది? సరిదిద్దడానికి ఏం చేశారు? మళ్లీ జరక్కుండా ఏం చేస్తారు? తాను చేసిన తప్పేమిటో తెలియకముందే ఒప్పుకోలు రాసివ్వాలన్నమాట. మన పోలీస్ స్టేషన్లు ఇంతకంటే నయం, కనీసం సెక్షన్ నంబరు చెబుతాయి.

ఇక సరుకు అసలుదేనా అన్న అనుమానం వస్తే కొనుగోలు బిల్లులు అడుగుతారు. బిల్లు మీద పేరు, చిరునామా ఖాతాలో ఉన్నవాటితో సరిపోవాలి, ఏడాది లోపలిదై ఉండాలి, అమ్మిన సరుకు పేరు అందులో కనబడాలి. ఎక్కడో టోకున కొని ఇక్కడ చిల్లరకు అమ్మేవాడికి ఇది చిటికెలో పని. మగ్గం మీద తానే నేసి అమ్ముకునే మనిషి చీర కొన్న బిల్లు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆయన దగ్గర ఉండేవి నూలు బిల్లు, రంగుల బిల్లు, ఆసు పోసినవారికి ఇచ్చిన కూలి లెక్క. యంత్రం దృష్టిలో అవేవీ చీర బిల్లులు కావు. సరుకు అసలుదని నిరూపించుకోవడం దాన్ని స్వయంగా తయారు చేసినవాడికే కష్టమైపోవడం ఈ ఏర్పాటులోని విడ్డూరం. అమ్మకందారు అంటే మధ్యవర్తే అయి ఉంటాడన్న ఊహతో ఫారాలు తయారు చేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

అదే చీర పేరుతో నకిలీ ఎలా బతుకుతుందో కూడా చూడాలి. పోచంపల్లి ఇక్కత్‌కు 2000ల నడిమి నుంచే భౌగోళిక గుర్తింపు ఉంది. దారానికి ముందే ముడులు కట్టి రంగులద్ది నేస్తారు కాబట్టి బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, చీర తిరగేసినా అదే రంగు, అదే బొమ్మ. మరమగ్గం గుడ్డ మీద అచ్చేసిన నకలులో అంచు కత్తితో కోసినట్టుంటుంది, వెనకవైపు వెలిసిపోతుంది. చేతిలోకి తీసుకుంటే పోల్చుకోవడానికి నిమిషం చాలు. ఫోన్ తెర మీద ఎవరు చీర తిరగేసి చూపిస్తారు? కొన్ని వందల రూపాయలకు పోచంపల్లి పట్టు అని రాసుకున్న లిస్టింగులు వరసగా కనబడుతూనే ఉంటాయి. వందల రూపాయలకు డబుల్ ఇక్కత్ పట్టు చీర రాదని తెలుసుకోవడానికి కృత్రిమ మేధ అక్కర్లేదు, భువనగిరిలో బస్సు దిగి ఎవరినడిగినా చెబుతారు.

నకిలీని తీయించడానికి సైట్లలో ప్రత్యేక ద్వారాలున్నాయి. కానీ అవి ప్రధానంగా ట్రేడ్‌మార్కు చుట్టూ కట్టినవి. ఒక కంపెనీ తన బ్రాండ్‌ను నమోదు చేసుకుంటే తన పేరు వాడుకున్నవారి లిస్టింగులను వెతికి తీయించే సాధనాలు దాని చేతికొస్తాయి. భౌగోళిక గుర్తింపు ఏ ఒక్కరి సొత్తూ కాదు, వేలమంది నేతగాళ్ల ఉమ్మడి హక్కు. ఉమ్మడి హక్కుకు ఆ ఫారంలో గడి లేదు. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం దొంగ పేరు వాడినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంటుందని చెబుతోంది. చట్టం చేతిలో అంత పెద్ద కర్ర ఉన్నా ఏ సహకార సంఘమూ రోజూ కూర్చుని పుట్టుకొచ్చే లిస్టింగులను వెతుక్కుంటూ కోర్టుకు పోగలిగే స్థితిలో లేదు. ఫిర్యాదు చేయగలిగినవాడికే రక్షణ, ఫిర్యాదు చేయడానికి లాయరూ జీతగాళ్లూ ఉన్నవాడే ఫిర్యాదు చేయగలడు. అసమానత అంతా ఎవరో కుట్ర పన్నడం వల్లనే రానక్కర్లేదు, చాలావరకు ఈ అమరిక నుంచే పుడుతుంది.

అయితే కావాలని చేసిన భాగం లేదా? ఉందనే ఆరోపణ. 2021 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ అమెజాన్ అంతర్గత పత్రాల ఆధారంగా ఒక కథనం ఇచ్చింది. 2019 మొదట్లో మన దేశంలో ఆ సైట్ మీద నాలుగు లక్షల మందికి పైగా అమ్మకందారులుంటే, ముప్పై అయిదుగురే దాదాపు మూడింట రెండొంతుల అమ్మకాలు చేశారని దాని సారాంశం. ఆ ముప్పై అయిదులో రెండింట్లో అమెజాన్‌కు పరోక్షంగా వాటా ఉండేది. తాము ఎవరికీ పక్షపాతం చూపలేదని సంస్థ ఖండించింది. 2018 డిసెంబరులో కేంద్రం ప్రెస్ నోట్ 2 తెచ్చి, మార్కెట్‌ప్లేస్‌కు వాటా ఉన్న కంపెనీ అదే వేదిక మీద అమ్మకూడదంది. అప్పుడు ఆ రెండింట్లో ఒకటైన క్లౌడ్‌టెయిల్ మాతృసంస్థ ప్రయోన్‌లో అమెజాన్ తన వాటాను 49 శాతం నుంచి 24 శాతానికి తగ్గించుకుంది. అమ్మకాలు సాగాయి, ఆ భాగస్వామ్యం ముగిసింది 2022లో. దేశ ప్రభుత్వపు రూలును వాటాల లెక్క సర్దుకుని నెట్టుకురాగల సంస్థే, తన రూలుకు వచ్చేసరికి ఫొటో వెనక తెలుపును కొలుస్తుంది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ ఇచ్చిన ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో దర్యాప్తుకు ఆదేశించింది. కర్ణాటక హైకోర్టు, సుప్రీంకోర్టు దాటుకుని దర్యాప్తు నివేదిక తయారయ్యేసరికి 2024 ఆగస్టు వచ్చింది. కొందరు అమ్మకందారులకు ప్రాధాన్యం దక్కిందని అందులో తేల్చినట్టు వార్తలొచ్చాయి. నాలుగున్నరేళ్లలో ఎన్ని చిన్న ఖాతాలు మూతపడ్డాయో లెక్కపెట్టినవారు లేరు.

ప్రభుత్వం కొరడా ఝుళిపించిన సందర్భం ఒకటి చూద్దాం. తప్పనిసరి నాణ్యతా ముద్ర లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మించినందుకు కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 ఆగస్టులో అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైనవి 2,265 కుక్కర్లు. వాటి మీద సంస్థకు వచ్చిన రుసుము 6 లక్షల 14 వేల పైచిలుకు. ఫ్లిప్‌కార్ట్ విషయంలో 598 కుక్కర్లు, 1 లక్షా 84 వేల పైచిలుకు రుసుము, అదే లక్ష జరిమానా. కొన్నవారికి డబ్బు తిరిగిప్పించమని కూడా ఆదేశించారు, సంస్థలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. పేలితే ప్రాణం తీసే కుక్కర్ విషయంలో అమెజాన్‌కు పడిన శిక్ష దాని రాబడిలో ఆరో వంతు. చీర ఫొటో విషయంలో శిక్ష మొత్తం రాబడి నిలిచిపోవడం. వేదిక తప్పు చేస్తే ప్రభుత్వం శిక్షిస్తుంది కాబట్టి నోటీసు, విచారణ, వాదనలు, అప్పీలు అన్నీ ఉంటాయి, ఉండాలి కూడా. అమ్మకందారును శిక్షించేది వేదిక. రూలు రాసేదీ అదే, పట్టుకునేదీ అదే, తీర్పు చెప్పేదీ అదే. ప్రతి అమ్మకం మీద కమిషన్ తీసుకునేదీ అదే.

చిన్నవాళ్లంతా సత్యసంధులని చెప్పడం నా ఉద్దేశం కాదు. అచ్చు చీరకు పోచంపల్లి పేరు పెట్టేవాళ్లలో చిన్న అమ్మకందారులే ఎక్కువ ఉండొచ్చు. ఒక ఖాతా మూస్తే మేనల్లుడి పేరు మీద మరొకటి తెరిచేవాళ్లున్నారు. కోట్ల లిస్టింగులను మనుషులు కూర్చుని చూడలేరన్న సంస్థల వాదనలోనూ నిజముంది. యంత్రం తప్పనిసరే. కానీ యంత్రం పొరపడ్డప్పుడు పెద్ద అమ్మకందారుకు అకౌంట్ మేనేజర్ ఉంటాడు, ఒక్క ఫోన్ చాలు. చిన్న అమ్మకందారుకు టికెట్ నంబరు ఉంటుంది. ఆ టికెట్‌కు వచ్చే జవాబును కూడా చాలాసార్లు యంత్రమే రాస్తుంది. యంత్రం అందరి మీదా ఒకేలా పొరపడినా, ఆ పొరపాటును దిద్దే మనిషి కొందరికే దొరుకుతాడు. దీన్ని నేను అసమానతకు అసలు కీలు అనుకుంటాను. పక్షపాతం ఆల్గారిథమ్‌లో ఉందా లేదా అని పరిశోధకులు వాదించుకుంటూ ఉండొచ్చు, అప్పీలు దశలో ఉందనడానికి అంత పరిశోధన అక్కర్లేదు.

మన చట్టంలో దీనికి మందు లేదా అంటే సగం ఉంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్స్) నియమాల్లో అయిదో నియమం ఒకే తరహా సరుకుల మధ్య, అమ్మకందారుల మధ్య ఏమైనా తేడా చూపితే, చూపే అవకాశం ఉంటే, దాన్ని అమ్మకందారులతో చేసుకునే ఒప్పందంలో వివరించాలంటోంది. మంచి మాటే. ఎంత వివరంగా అన్నది చెప్పలేదు, ఒప్పందంలో ఎక్కడో ఒక పేరా చేరిస్తే రూలు పాటించినట్టే లెక్క. అదే నియమం, పదేపదే నకిలీ సరుకు పెట్టేవారి జాబితా ఉంచుకోమంటుంది, ఆ వెంటనే వాళ్లను తొలగించి తీరాల్సిన పని లేదని కూడా అంటుంది. ఇక కొన్నవారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అమ్మకందారు ఫిర్యాదుకు అలాంటి గడువే లేదు. ఆయన వినియోగదారుడు కాదు, ఉద్యోగి కాదు. సంతకం చేసిన ఒప్పందమే ఆయనకు చట్టం.

యూరప్‌లో ఈ మూల మీద కాస్త వెలుగు పడింది. జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ ఒత్తిడితో 2019లో అమెజాన్ తన ఒప్పందం మార్చుకుంది. అంతకుముందు కారణం చెప్పకుండానే ఖాతాను అప్పటికప్పుడు మూసే హక్కు దానికుండేది. ఆ తర్వాత మామూలు రద్దుకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. 2020 జులై నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా అమలులోకొచ్చిన వేదికలు-వ్యాపారుల నియమావళి ఇదే పద్ధతిని చట్టం చేసింది. ఏ రూలు తప్పారో చెప్పాలి, లోపలే ఒక ఫిర్యాదుల వ్యవస్థ ఉండాలి. తర్వాత వచ్చిన డిజిటల్ సర్వీసుల చట్టం ఇంకో అడుగు వేసి, తొలగింపుల కారణాలను అందరికీ తెరిచి ఉంచే ఒక నిధిలో జమ చేయమంది. నమ్మదగిన సంస్థలు చేసే ఫిర్యాదులను ముందుగా చూడాలనే ఏర్పాటూ అందులో ఉంది. అక్కడ సమస్య తీరిపోయిందని కాదు. కారణాల నిధిలో కోట్లకొద్దీ వాక్యాలు పోగుపడ్డాయి, చాలావరకు ఒక్క మూసలో పోసినవే. అయినా ఏ కారణంతో ఎన్ని తీశారో బయటివాడు లెక్కపెట్టగలడు. మన దగ్గర ఆ లెక్క కంపెనీ కంప్యూటర్లోనే ఉంటుంది.

నేను అడిగేది కొత్త చట్టం కాదు, ముందు ఆ లెక్క. ఏటా ఎన్ని లిస్టింగులు తీశారు, ఎన్ని ఖాతాలు ఆపారు, ఎన్ని అప్పీళ్లు గెలిచాయి, ఎన్నాళ్లకు గెలిచాయి అన్నది అమ్మకాల పరిమాణం వారీగా, వేదికతో సంబంధమున్న అమ్మకందారులను విడిగా చూపి, ప్రచురించాలి. తొలగింపు మెయిల్‌లో రూలు నంబరూ, తప్పున్న చోటూ ఉండాలి. వివాదం ఒక లిస్టింగ్ మీదైతే ఆ లిస్టింగ్ డబ్బే ఆపాలి, ఖాతా మొత్తం కాదు. పోచంపల్లి, మంగళగిరి, ఉప్పాడ, కొండపల్లి లాంటి గుర్తింపులు నమోదు చేసుకున్న సంఘాలకు బ్రాండ్ యజమానులతో సమానంగా తొలగింపు ద్వారం తెరవాలి. నేతగాడి విషయంలో సహకార సంఘం ధ్రువపత్రాన్నో నూలు బిల్లునో కొనుగోలు బిల్లుకు బదులు ఒప్పుకోవాలి.

ఇన్ని వివరాలు బయటపెడితే మోసగాళ్లు రూల్స్‌ను తప్పించుకునే దారులు నేర్చుకుంటారని సంస్థలు అంటాయి. మోసగాళ్లు ఇప్పటికే నేర్చుకున్నారు, స్టీవియా ఆకుల గడి ఎలా నింపాలో వాళ్లకు తెలుసు. తెలియనిది మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లకే. అయిదో నియమం కింద మీరు ఎవరికి ఏ తేడా చూపుతున్నారో లెక్కలతో చెప్పండని అడిగే అధికారం ప్రభుత్వం చేతిలో 2020 నుంచీ ఉంది. కుక్కర్ల మీద నోటీసు ఇచ్చిన ప్రాధికార సంస్థే ఆ నోటీసు కూడా ఇవ్వొచ్చు.